ట్రై బైక్ కొనేముందు: ఫ్రేము సైజు, ప్యాడ్ కొలతలు, ఈసీఆర్ గాలి

పెరుంగుడి_పెడల్ (చెన్నై)

అందరికీ నమస్కారం. ట్రయాథ్లాన్‌లో 70.3 మైళ్ల దూరానికి, అంటే 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిలు, 21.1 కి.మీ. పరుగుకి, ట్రై బైక్ (మోచేతులు ఆనించి వాలి తొక్కే ట్రయాథ్లాన్ సైకిలు) తీసుకోవాలి. ఎత్తు 175 సెం.మీ., కాలి లోపలి కొలత 81, బరువు 71 కేజీలు. ఇప్పుడున్నది 54 సైజు రోడ్ బైక్, క్రాంక్ (పెడల్ తగిలించే కడ్డీ) 172.5 మి.మీ. ప్రాక్టీసంతా ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, తిరువాన్మియూర్ నుంచి మహాబలిపురం వైపు. బడ్జెట్ మూడున్నర లక్షలు.

తేల్చుకోలేనివి ఇవీ: ఎమ్ సైజా, ఎల్ సైజా? 80 మి.మీ. లోతు రిమ్ముల చక్రాలు పెట్టొచ్చా? ఆ డబ్బుకి కొత్తది మామూలుది మేలా, సెకండ్‌హ్యాండ్‌లో పెద్దది మేలా?

టార్క్‌రెంచ్ (బెంగళూరు)

ఎమ్మా, ఎల్లా అన్నది ఇప్పుడే తేలదు, పక్కన పెట్టండి. రోడ్ బైక్ 54 కదా, ఇది కూడా 54 తీసుకుందాం అనుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు. రోడ్ బైక్‌లో ముందుకి వాలిన బరువుని చేతులు మోస్తాయి. ట్రై బైక్‌లో మోచేతుల కింది ప్యాడ్లు మోస్తాయి. ఆ ప్యాడ్లు ఎక్కడుండాలో ముందు తేలాలి, బైక్ సంగతి ఆ తర్వాత.

దానికి రెండు అంకెలు కావాలి. బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు ఉండేచోటు) మధ్య బిందువు నుంచి ప్యాడ్ పైభాగం దాకా నిలువు ఎత్తు ప్యాడ్ స్టాక్. అదే బిందువు నుంచి ప్యాడ్ దాకా అడ్డంగా దూరం ప్యాడ్ రీచ్. అన్ని వైపులా జరిగే ఫిట్ బైక్ ఉన్న స్టూడియోకి వెళ్లి, గంటన్నర తొక్కి, ఈ రెండూ మిల్లీమీటర్లలో రాయించుకోండి. శాడిల్ (సీటు) ఎత్తు, శాడిల్ ముక్కు బాటమ్ బ్రాకెట్‌కి ఎంత ముందు లేదా వెనక ఉందో, క్రాంక్ పొడవు కూడా రాయించండి.

ఆ కాగితం పట్టుకుని కంపెనీవాళ్ల ఫిట్ చార్టు తెరవండి. ఏ సైజులో ప్యాడ్ ఎంత కిందికి, ఎంత పైకి వెళ్తుందో అందులో ఉంటుంది. ఉదాహరణకి మీకు స్టాక్ 640, రీచ్ 465 వచ్చాయనుకుందాం. ఒక ఫ్రేము ఎమ్‌లో ఎత్తు 585 నుంచి 690 దాకా, రీచ్ 430 నుంచి 500 దాకా ఉంటే మీరు నడిమధ్యన పడ్డట్టు. అదే ఫ్రేము ఎస్‌లో ఎత్తు 560 నుంచి 645 అయితే, అదీ కుదురుతుంది గానీ, ఉన్న స్పేసర్లన్నీ (ప్యాడ్ ఎత్తు పెంచే దిమ్మలు) పేర్చేసి అంచున కూర్చుంటారు. సన్నటి స్తంభాల మీద లేచిన ప్యాడ్లు గతుకు వచ్చినప్పుడల్లా ఊగుతాయి. ఆర్నెల్లకి నడుము బాగా వంగడం మొదలైతే దించుకోవచ్చు గానీ, పైకి ఇంకొక్క మి.మీ. కూడా మిగలదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్యాడ్ రీచ్‌ని కొందరు ప్యాడ్ మధ్యకి కొలుస్తారు, కొందరు వెనక అంచుకి. ప్యాడ్ పొడవు 9, 10 సెం.మీ. ఉంటుంది కాబట్టి రెంటికీ 5 సెం.మీ. దాకా తేడా వస్తుంది. ఒక సైజు తారుమారు కావడానికి అది చాలు. ఏది కొలిచారో కాగితం మీదే రాయించండి.

హెబ్బాళ్_గేర్ (బెంగళూరు)

పైది అక్షరాలా నిజం. ఇది ఎందుకలా అన్నది కూడా చెప్తాను. రోడ్ బైక్ సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్రై బైక్‌లో లెక్కకొచ్చే కోణం 76 నుంచి 80 పైదాకా. బాటమ్ బ్రాకెట్‌ని ఇరుసుగా పెట్టి మనిషిని మొత్తంగా ముందుకి తిప్పినట్టన్నమాట. వీపు వాలుతుంది గానీ తొడకీ పొట్టకీ మధ్య కోణం మూసుకుపోదు. అందుకే ఊపిరి ఆడుతుంది, దిగి పరుగెత్తేటప్పుడు తుంటి పట్టేయదు.

సెకండ్‌హ్యాండ్‌లో టైమ్ ట్రయల్ బైకులు (ఒక్కొక్కరుగా గడియారంతో పోటీపడే రేసులవి) కనబడితే ఒకటి గుర్తుంచుకోండి. సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పాత నిబంధన ప్రకారం వాటిలో శాడిల్ ముక్కు బాటమ్ బ్రాకెట్‌కి కనీసం 5 సెం.మీ. వెనక ఉండాల్సి వచ్చేది. డ్రాఫ్టింగ్ (ముందువాళ్ల వెనకే ఉండి గాలి తప్పించుకోవడం) లేని ట్రయాథ్లాన్‌కి ఆ లెక్క లేదు. ఆ నిబంధన కోసమే గీసిన సీట్‌పోస్ట్ (శాడిల్‌ని నిలిపే గొట్టం) అయితే శాడిల్‌ని ముందుకి తేలేక ఇబ్బంది పడతారు. శాడిల్‌ని పట్టే క్లాంప్ తిప్పి పెట్టొచ్చో లేదో ముందే అడగండి. ఇంకోటి, డ్రాఫ్టింగ్ అనుమతి ఉన్న పోటీలకి ట్రై బైక్ పనికిరాదు, డ్రాప్ హ్యాండిల్ రోడ్ బైకే కావాలి.

నీలాంకరై_రన్ (చెన్నై)

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఉన్న రోడ్ బైక్‌కే క్లిప్-ఆన్ ఏరోబార్లు (మోచేతులు ఆనించే కడ్డీలు) బిగించుకుంటే సరిపోదా?

హెబ్బాళ్_గేర్ (బెంగళూరు)

మొదటి ఏడాదికి సరిపోతుందమ్మా. అయితే బార్లు మాత్రమే బిగిస్తే చాలదు. శాడిల్ ఉన్నచోటే ఉంచి చేతులు ముందుకి చాపితే తుంటి కోణం మూసుకుపోతుంది, శాడిల్ ముక్కు మీదికి జారిపోతారు. వెనక్కి వంపు లేని సీట్‌పోస్ట్ పెట్టి శాడిల్‌ని 30, 40 మి.మీ. ముందుకి తేవాలి. అలా తెచ్చినప్పుడు శాడిల్ పెడల్‌కి దగ్గరవుతుంది. ప్రతి 10 మి.మీ. ముందుకి 3 మి.మీ. చొప్పున పైకెత్తాలి, లేకపోతే మోకాలి ముందుభాగం నొప్పెడుతుంది. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) కూడా పొట్టిది పడొచ్చు. ఇంత చేశాక బరువు ముందుచక్రం మీదికి వెళ్లి హ్యాండిల్ కాస్త తత్తరపడుతుంది. రోడ్ ఫ్రేము ఆ బరువుకి గీసింది కాదు. ట్రై బైక్‌కి మారడానికి అసలు కారణం గాలి కన్నా ఇదే అని నా అభిప్రాయం.

శాడిల్‌సంగతి (చెన్నై)

క్రాంక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెరుంగుడి గారూ, మీ కాలి కొలతకి 172.5 వద్దు, 165 తీసుకోండి. 165కి మారి శాడిల్‌ని 7.5 మి.మీ. పైకెత్తారనుకోండి. పెడల్ పైన ఉన్నప్పుడు అది ఇదివరకటి కన్నా 7.5 కిందికి వచ్చింది, మీరు 7.5 పైకి వెళ్లారు. మొత్తం 15 మి.మీ. జాగా దొరికినట్టు. మోకాలు పొట్టకి తగలదు. ఆ జాగాతో ప్యాడ్లు కాస్త దించుకోవచ్చు, లేదా అదే ఎత్తులో హాయిగా ఊపిరి తీసుకోవచ్చు. కొత్త బైక్ కొంటున్నప్పుడే దుకాణంలో మార్పించుకోండి, తర్వాత అయితే క్రాంక్‌సెట్ మొత్తం విడిగా కొనాలి.

శాడిల్ మాత్రం ముందుభాగం చీలిన రకమే. కటి ఎముక ముందుకి తిరిగి కూర్చుంటాం కాబట్టి మామూలు శాడిల్ ముక్కు మెత్తటి భాగాన్ని నొక్కి తిమ్మిరి తెస్తుంది. తిమ్మిరెక్కితే ఓర్చుకోకండి, నరం నలుగుతోందని అర్థం. అలాగని ముక్కు కిందికి వంచేస్తే ముందుకి జారి బరువంతా భుజాల మీద పడుతుంది. సున్నా నుంచి రెండు మూడు డిగ్రీలకు మించి వంచొద్దు. ఫోన్లో లెవెల్ యాప్ ఉంటుంది, శాడిల్ మీద పుస్తకం అట్ట పెట్టి దాని మీద ఫోన్ పెట్టి కొలవండి.

పెరుంగుడి_పెడల్ (చెన్నై)

చాలా థ్యాంక్స్. ఫిట్‌కి వెళ్లేలోపు చక్రాల సంగతి తేల్చండి. 80 ముందు, 80 వెనక దొరుకుతున్నాయి, చూడ్డానికి బాగున్నాయి.

ఉత్తండి_టోల్ (చెన్నై)

ఈసీఆర్ మీద ముందు 80 వద్దు. రోడ్డు తీరం వెంబడి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. పోయేటప్పుడూ పక్కగాలే, వచ్చేటప్పుడూ పక్కగాలే. తెల్లవారుజామున నెమ్మదిగా ఉంటుంది, పొద్దెక్కాక లేస్తుంది. ఇళ్ల వరుస అయిపోయి ఖాళీ జాగా రాగానే ఒక్క తోపు. బస్సు దాటి పోయేటప్పుడు ముందు గాలి ఆగుతుంది, మరుక్షణం కొడుతుంది. అదీ ప్రమాదం.

టార్క్‌రెంచ్ (బెంగళూరు)

ముందుది 50 లేదా 60, వెనకది ఎంత లోతైనా ఫరవాలేదు. ముందుచక్రం స్టీరింగ్ ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి దాని మీద పడ్డ గాలి హ్యాండిల్‌ని తిప్పుతుంది. వెనకచక్రం ఫ్రేముకి కట్టేసి ఉంటుంది. గాలి దాన్ని నెట్టినా హ్యాండిల్ తిరగదు, నిజానికి బైక్ కాస్త కుదురుగా నిలబడుతుంది. అందుకే వెనక డిస్క్ చక్రం (పూర్తిగా మూసిన చక్రం) పెట్టినవాళ్లు కూడా ముందు 60 పెట్టుకుంటారు. ఐరన్‌మ్యాన్ పోటీల్లో వెనక డిస్క్‌ని ఒప్పుకుంటారు గానీ హవాయిలోని కోనాలో మాత్రం గాలి మూలంగా ఒప్పుకోరు.

హెబ్బాళ్_గేర్ (బెంగళూరు)

ఇక్కడ నాది వేరే మాట. మూడున్నర లక్షల బడ్జెట్‌లో లోతు చక్రాల డబ్బే ముందు తీసేయాలి. మనిషి కూర్చున్న తీరు, హెల్మెట్, బిగుతు బట్టలు, మంచి టైర్లు, వీటి తర్వాతే చక్రాలు. బైక్‌తో వచ్చిన చక్రాలతో మొదటి సీజన్ కానివ్వండి.

చెన్నైలో గాలి లెక్క ఇంకాస్త ఎక్కువే అన్నది మాత్రం ఒప్పుకుంటాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి పలచన. చెన్నైలో ఎండవేడిని లెక్కలోకి తీసుకున్నా సుమారు 7 శాతం చిక్కన. ఒకే వాట్లకి అక్కడ వేగం రెండు శాతం దాకా తగ్గుతుంది. బెంగళూరు నుంచి వచ్చి ఈసీఆర్ మీద తొక్కి, కాళ్లు పనిచేయడం లేదని కంగారుపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఉత్తండి_టోల్ (చెన్నై)

టైర్లు ముందన్నది నేనూ ఒప్పుకుంటా. 28 మి.మీ. ట్యూబ్‌లెస్ లేదా టీపీయూ (పలచటి ప్లాస్టిక్) ట్యూబు. మీ 71 కేజీలకి బైక్, నీళ్లు కలిపి 83 అనుకుంటే ముందు 66, వెనక 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ఈసీఆర్ తారుకి వంద కొట్టడం దండగ, బైక్ ఎగురుతూ పోతుంది తప్ప వేగం రాదు.

రిమ్ము హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేనిది) అయితే 72.5 పీఎస్‌ఐ, అంటే 5 బార్, దాటకూడదు. టైరు ఆ రిమ్ముకి సరిపోతుందని రెండు కంపెనీల జాబితాల్లోనూ ఉండాలి. దాటితే టైరు అంచు రిమ్ము నుంచి ఒక్కసారిగా లేచిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ మన ఎండకి త్వరగా ఎండిపోతుంది, వేసవిలో నెలన్నరకోసారి వాల్వు కోర్ తీసి సన్నపుల్లతో తడి చూడండి.

నీలాంకరై_రన్ (చెన్నై)

బెంగళూరులో గాలి కొట్టించి కారులో చెన్నై తెస్తే మళ్లీ చూడాలా?

ఉత్తండి_టోల్ (చెన్నై)

చూడాలి. కిందికి వచ్చేసరికి బయటి పీడనం పెరిగి గేజ్ మీద ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది, వేడికి దానికన్నా ఎక్కువే పెరుగుతుంది. పోటీ పొద్దున ఎండ రాకముందే కొలవండి, బైకులు నిలిపేచోట ఎండలో టైర్లు కాలుతాయని 3 పీఎస్‌ఐ తక్కువే ఉంచండి.

గ్రీజుడబ్బా (బెంగళూరు)

సెకండ్‌హ్యాండ్ ప్రశ్న మిగిలిపోయింది. సెకండ్‌హ్యాండ్ ట్రై బైక్ విషయంలో నేను చూడమనేది పెయింటో గీతలో కాదు, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోటి బేరింగులు) పైబేరింగ్.

ట్రై బైక్ మీద తల సరిగ్గా స్టెమ్ పైన ఉంటుంది. ముక్కు మీంచి, గడ్డం మీంచి కారే చెమట గంటల తరబడి ఒకేచోట పడుతుంది. చేతుల మధ్య బాటిల్ నుంచి ఎలక్ట్రోలైట్ నీళ్లూ అక్కడే చిందుతాయి. ఇంట్లో ట్రైనర్ (బైక్‌ని నిలబెట్టి తొక్కే స్టాండు) మీద తొక్కితే చెమటని ఆర్పే గాలి కూడా ఉండదు. ఉప్పు పైమూత కింది రబ్బరు సీలు పక్కనుంచి దిగుతుంది. మూత ఎత్తి చూడండి. బాగున్న బేరింగ్ మీద గ్రీజు తేనెరంగులో మెరుస్తూ ఉంటుంది. పాడైనదాని చుట్టూ ఇటికరంగు పొడి, ఫ్రేము లోపలి అంచున అదే రంగు చార. ముందుచక్రం గాల్లోకి ఎత్తి హ్యాండిల్‌ని వేలితో మెల్లగా తోయండి. దానంతటదే పక్కకి వాలాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగ్ పోయినట్టే.

బేరింగ్ ఖరీదు పెద్దదేం కాదు. అయితే ఇప్పటి బైకుల్లో హైడ్రాలిక్ బ్రేకు గొట్టాలు ఆ బేరింగ్ నడుమ నుంచే ఫ్రేములోకి పోతాయి. బేరింగ్ మార్చాలంటే గొట్టాలు ఊడదీసి, కొత్త ఆలివ్‌లు (గొట్టం కొసన బిగించే రింగులు) వేసి, రెండు బ్రేకులూ బ్లీడ్ చేయాలి, అంటే లోపలి గాలి తీసేయాలి. పది నిమిషాల పని పూటంతా పడుతుంది. గొట్టాలు బయటినుంచి పోయే పాత డిజైనుని చూసి చాలామంది ముఖం చిట్లిస్తారు. చెన్నైలో ఉండేవారికి అదే మేలని నా గట్టి నమ్మకం.

రెండోది, బేస్‌బార్ (బ్రేకులుండే అడ్డ హ్యాండిల్) టేపు విప్పించి చూడండి. అల్యూమినియం బార్ అయితే టేపు కింద చెమట నిలిచి తెల్లటి పొడి కడుతుంది. పొడి తుడిస్తే కింద గుంటలు కనబడితే ఆ బార్ వాడొద్దు, బ్రేకు పట్టినప్పుడు విరిగేది అక్కడే. అమ్మేవాళ్లు టేపు విప్పనివ్వకపోతే వదిలేయండి.

మిగతావి త్వరగా: సీట్‌పోస్ట్ కదులుతోందా, స్టీరర్ (ముందు ఫోర్కు పైగొట్టం) ఎంత కోశారు, స్పేసర్లూ ప్యాడ్ బ్రాకెట్లూ పూర్తిగా ఉన్నాయా. ట్రై బైక్ కాక్‌పిట్ (హ్యాండిల్, ప్యాడ్ల) భాగాలు చాలావరకు ఆ మోడల్‌కే సరిపోతాయి, తయారీ ఆపేసిన మోడల్‌కి 20 మి.మీ. స్పేసర్ ఒకటి దొరక్క బైక్ మూలన పడుతుంది. బ్రేకు బాటమ్ బ్రాకెట్ కింద దాచిన పాత రిమ్ బ్రేకు మోడళ్లు వద్దు, మన వానబురద మొత్తం అక్కడికే పోతుంది.

పెరుంగుడి_పెడల్ (చెన్నై)

ఇది చదివాక కొత్తదే అనుకుంటున్నా. గేర్లు మెకానికలా, ఎలక్ట్రానిక్కా?

హెబ్బాళ్_గేర్ (బెంగళూరు)

డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. మెకానికల్ ట్రై బైక్‌లో గేరు మీట ఎక్స్‌టెన్షన్ (ప్యాడ్ల నుంచి ముందుకి చాచిన కడ్డీ) కొసనే ఉంటుంది, బ్రేకు బేస్‌బార్ మీద. ఎత్తు ఎక్కేటప్పుడు చేతులు బేస్‌బార్ మీద ఉంటాయి, గేరు మార్చాలంటే చెయ్యి తీసి ముందుకి చాపాలి. ఎలక్ట్రానిక్‌లో రెండుచోట్లా బటన్లు పెట్టుకోవచ్చు. షిమానో వాళ్ల ఎలక్ట్రానిక్ గేర్లు డీఐ2 విడిభాగాలు కలుపుతుంటే పాత వైర్లు ఎస్‌డీ50, 12 స్పీడ్‌వి ఎస్‌డీ300, ఒకదానిలో ఒకటి దూరవు. మధ్యలో ఈడబ్ల్యూ-ఏడీ305 అడాప్టర్ కావాలి.

గేరు పళ్లు ముందు 52/36, వెనక 11-30 చాలు. 52-11లో నిమిషానికి 90 తిప్పితే గంటకి 53 కి.మీ. పైనే, అంతకు మించి చెన్నైలో అక్కర్లేదు. బెంగళూరు దగ్గరి నంది హిల్స్ మీదికి మాత్రం ఈ బైక్ తీసుకెళ్లకండి, ఎక్కడం సంగతెలా ఉన్నా దిగేటప్పుడు ఆ మలుపుల్లో బేస్‌బార్ మీది నుంచి బ్రేకు వేయడం రోడ్ బైక్ అంత పట్టు ఇవ్వదు.

టార్క్‌రెంచ్ (బెంగళూరు)

బైక్ ఇంటికొచ్చాక సెట్ చేసే వరుస ఇదీ. వరుస తప్పితే ఒకటి సరిచేయబోయి ఇంకొకటి చెడుతుంది.

ముందు ట్రైనర్ మీద రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. శాడిల్ ఎత్తు మొదట, ముందూవెనకా తర్వాత, మళ్లీ ఎత్తు ఒకసారి. పదిహేను నిమిషాలు తొక్కి ఒళ్లు వేడెక్కాక పక్కనుంచి తుంటి ఎత్తులో ఫోన్ పెట్టి వీడియో తీయండి. వెనకనుంచి కూడా ఒకటి. అందులో నడుము అటూఇటూ ఊగితే శాడిల్ ఎత్తెక్కువ, 3 మి.మీ. దించండి.

ఆ తర్వాతే ప్యాడ్లు. ప్యాడ్ మోచేతి ఎముక కింద కాదు, దానికి కాస్త ముందు ముంజేతి కండ కింద ఉండాలి. భుజం నుంచి మోచెయ్యి దాదాపు నిలువుగా దిగాలి, కాస్త ముందుకున్నా సరే. రీచ్ ఎక్కువైతే మెడ వెనక పట్టేస్తుంది, పదే పదే ముందుకి జారి మళ్లీ వెనక్కి జరుపుకుంటారు. చాలామంది దీన్ని శాడిల్ తప్పనుకుని శాడిల్ మారుస్తారు. మొదట్లో శాడిల్‌కీ ప్యాడ్‌కీ ఎత్తు తేడా 5 నుంచి 8 సెం.మీ. చాలు. ఎక్స్‌టెన్షన్లు ముందు పైకి 10, 15 డిగ్రీలు లేపండి, చేతులు ఊరికే ఆనుతాయి, జారవు.

బిగింపులు: స్టెమ్, ప్యాడ్ బోల్టులు సాధారణంగా 5 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), సీట్‌పోస్ట్ క్లాంప్ 5, 6. భాగం మీద వేరే అంకె ముద్రించి ఉంటే అదే పాటించండి. కార్బన్ కార్బన్‌ని పట్టుకునే ప్రతిచోటా గ్రీజు కాదు, కార్బన్ పేస్ట్. షిమానో క్రాంక్ బోల్టులు 12 నుంచి 14, పెడళ్లు 35 పైన, క్యాసెట్ లాక్‌రింగ్ 40. వంద కిలోమీటర్లు తొక్కాక అన్నీ మళ్లీ చూడండి. ప్యాడ్ బోల్టులే మొదట వదులవుతాయి.

శాడిల్‌సంగతి (చెన్నై)

నీళ్ల బాటిళ్లు కూడా. చెన్నై ఉక్కలో గంటకి లీటరు పైనే చెమట పోతుంది. చేతుల మధ్య ఒకటి అడ్డంగా, ఫ్రేములో ఒకటి, శాడిల్ వెనక ఒకటి. శాడిల్ వెనకది స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరి పడుతుంది, గట్టి పట్టున్న బాటిల్ కేజ్ పెట్టి బాటిల్‌ని కాస్త వెనక్కి వాలేలా బిగించండి. తాగాల్సిన నీళ్లు చేతుల మధ్యే ఉంచండి, వెనకది నింపుకోవడానికి.

పెరుంగుడి_పెడల్ (చెన్నై)

ఫిట్ అయింది. 165 క్రాంక్ మీద శాడిల్ ఎత్తు 722, ముక్కు బాటమ్ బ్రాకెట్‌కి 20 మి.మీ. వెనక. ప్యాడ్ స్టాక్ 632, రీచ్ 458, ప్యాడ్ మధ్యకి కొలిచారు. నేను చూస్తున్న బైక్ చార్టులో ఎమ్‌కి ఎత్తు 590-685, రీచ్ 425-495. చార్టు వెనక అంచుకి కొలిచిందని కింద చిన్నగా రాసి ఉంది.

టార్క్‌రెంచ్ (బెంగళూరు)

ఆ చిన్న అక్షరాలు చూడటం మంచి పని చేశారు. ప్యాడ్ పొడవు 90 అయితే మీ రీచ్ వెనక అంచుకి 413. ఎమ్‌లో అతి తక్కువే 425, అంటే 12 మి.మీ. పొడవు. దానికి ఎమ్ కొనొద్దు. అదే మోడల్ ఎస్ చార్టు తీయండి, ఎత్తు 632 దాకా వెళ్తూ ఇంకో 20 మి.మీ. పైకి మిగులుతుందేమో చూసి ఇక్కడ పెట్టండి. మిగలకపోతే మోడలే మార్చాలి. డబ్బు కట్టేముందు ఆ ప్యాడ్ పొడవు స్కేలుతో కొలిపించి దుకాణంవాళ్లని ఫొటో పంపమనండి. ఏ సైజైనా స్టీరర్ కోయొద్దని బిల్లు మీద రాయించండి.